కాటా మీద గోడ

మా ఆయన చెత్తకు డబ్బు కట్టరు. ఈ ఒక్క మాటతో ఆయన గురించి సగం చెప్పేసినట్టే. అలాగని పిసినారి అనడానికి వీల్లేదు. నాకు మోకాలు నొప్పి అంటే సాయంత్రానికల్లా ఖరీదైన చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టే మనిషి. కానీ ఇంట్లో పగలగొట్టిన టైల్సు, పీకేసిన సింకు, ఊడదీసిన చెక్కలు బండికెత్తి, ఊళ్ళో చెత్త దింపే డంప్‌కి తీసుకెళ్ళి, కాటా మీద తూకం వేయించి, ఆ బరువుకు చార్జి కట్టమంటే మాత్రం ఆయనకు ప్రాణం మీదికి వచ్చినట్టుంటుంది.

ఆయన వాదన ఆయనకుంది. మా గుంటూరు వైపు పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిస్తే చాలు, బేరగాళ్ళు వచ్చి వాలతారు. గుమ్మాలు ఒకరు, కిటికీలు ఒకరు, ఇనుప చువ్వలు ఒకరు పట్టుకెళ్తారు. ఆఖరికి ఇటుక ముక్కలక్కూడా, పల్లం పూడ్చుకోవడానికని ఎవరో ఒకరు ట్రాక్టరేసుకుని వస్తారు. పాత సామాన్లవాడికి వేస్తే ప్లాస్టిక్ బకెట్టన్నా చేతిలో పెడతాడు. అలాంటిది మన వస్తువు మనం ఇచ్చి, పైన మనమే డబ్బు కట్టడం ఏం ధర్మం అని ఆయన ప్రశ్న. కెనడా వచ్చి ఈ ఒషావాలో ఇల్లు కొన్న కొత్తలో, ఇక్కడి మునిసిపాలిటీలాంటి రీజియన్ వాళ్ళ డంప్ రూల్సు చదివి, వాళ్ళే ఏదో తిరగేసి రాశారని అనుకున్నారట.

పోనీ ఇంట్లో మరమ్మతులు మానతారా అంటే అదీ లేదు. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం, శనివారం వస్తే చేతిలో సుత్తి. వీడియోలు చూసి నేర్చుకుని కిచెన్ మార్చారు, బాత్రూము మార్చారు. పని బాగా చేస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి. చేశాక మిగిలినదంతా పెరట్లో షెడ్డు వెనక చేరుతుంది. పాత సింకులో నేను పుదీనా వేశాను. పాత కమోడ్‌లో ఏమీ వేయనని తెగేసి చెప్పాను. టైల్సు ముక్కల్ని కొంచెం కొంచెంగా వంటింటి చెత్త సంచుల్లో కూరగాయల తొక్కల కింద దాచి పంపేవారు. ఒకసారి చెత్త బండివాళ్ళు సంచి ఎత్తబోయి, ఎత్తలేక, దాని మీద ఒక స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేసి వెళ్ళారు. వీధి వీధంతా చూసింది. ఆ రోజు నేను బయటికి రాలేదు.

ఇంకోసారి తప్పనిసరై డంప్‌కి వెళ్ళాం. అక్కడ లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి బండిని తూస్తారు. తేడా ఎంతైతే అంత చెత్త దింపినట్టు లెక్క. ఈయనకు బుర్రలో దీపం వెలిగింది. కాటాకు ముందే నన్ను రోడ్డు పక్కన దింపేశారు. నేను నడిచి లోపలికి వస్తే, వెళ్ళేటప్పుడు ఎక్కించుకుంటారట. బయటికి వెళ్ళే బండి నా బరువు మేరకు పెరుగుతుంది కాబట్టి చార్జి ఆ మేరకు తగ్గుతుంది. నేను నాలుగడుగులు వేశానో లేదో మైకులో ఒక గొంతు, ఆ లేడీ దయచేసి బండెక్కి మళ్ళీ కాటా మీదికి రావాలి అని ఎంతో మర్యాదగా పిలిచింది. దారంతా నేను అన్న మాటలు ఇక్కడ రాయను.

ఆ రోజుల్లోనే మన పిల్లలు ఒషావాకు వరదలా వచ్చారు. ఏ బస్సెక్కినా తెలుగే. తెలంగాణ నుంచీ ఆంధ్ర నుంచీ కాలేజీలకు వచ్చినవాళ్ళు పొద్దున క్లాసులు, సాయంత్రం కాఫీ షాపులు, వేర్‌హౌసులు అని పరిగెడుతుండేవారు. అద్దెకు గది దొరకడం గగనమైపోయింది. మా అమ్మాయి హాలిఫాక్స్‌లో హాస్పిటల్ ఉద్యోగానికి వెళ్ళిపోయాక మా బేస్‌మెంట్ ఖాళీగానే ఉంది. గుడిలో ఎవరో చెబితే ఒక జంటను పెట్టుకున్నాం. కరీంనగర్ వైపు పిల్లలు. అమ్మాయి స్టూడెంట్ వీసా మీద వచ్చింది. ఆ వెనకే వర్క్ పర్మిట్ మీద మొగుడు వచ్చి కారు విడిభాగాల వేర్‌హౌసులో చేరాడు. వచ్చిన కొద్ది నెలలకే అమ్మాయి నీళ్ళోసుకుంది. ఆ వార్త నాకు చెప్పేటప్పుడు తప్పు చేసినదానిలా తల దించుకుంది. అద్దెకు ఇద్దరమని చెప్పి ముగ్గురం అవుతున్నామని దాని భయం. నేను దాన్ని పైకి పిలిచి చింతకాయ పచ్చడితో అన్నం పెట్టాను. నాకు వేరే సమాధానం చెప్పడం రాదు.

అక్టోబరు వచ్చేసరికి అమ్మాయికి దగ్గు పట్టుకుంది. చలికి అనుకున్నాం. ఒకరోజు పెసరట్లు ఇవ్వడానికి కిందికి వెళ్తే, మంచం వెనకాల గోడకు ఒక దుప్పటి వేలాడదీసి ఉంది. దుప్పటి ఎందుకమ్మా అంటే డెకరేషన్ అంది. నాకు దుప్పటి వాసన కాదు, చెమ్మ వాసన వేసింది. లాగి చూస్తే గోడ కింది సగమంతా నల్లగా బూజు పట్టి ఉంది. చెయ్యి వేస్తే మెత్తగా తడి. బయట కిటికీ కింద ఎక్కడో పగులిచ్చి, ఎండాకాలం నుంచీ వాననీళ్ళు గోడలోకి దిగుతున్నాయన్నమాట. ఈ పిల్ల నెలల తరబడి అది చూస్తూ, దాని పక్కనే పడుకుని దగ్గుతూ, మాకు మాట మాత్రం చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదే అని నేను గట్టిగానే అడిగాను. అప్పుడు ఏడుస్తూ చెప్పింది.

"ఏమనుకోకుండ్రి ఆంటీ. చెప్తే అంకుల్ గోడ పగలగొడ్తడు. కడుపుతోని ఉన్నప్పుడు ఉన్న ఇంట్ల గోడ కొట్టొద్దు, మేకు కొట్టొద్దని మా అత్తమ్మ వచ్చేముందే చెప్పింది."

నాకు ఒళ్ళు మండింది. ఇంజనీరింగ్ చదివి, ఇక్కడ ఇంకో చదువు చదువుతూ, ఆ నల్లటి గాలి పీల్చినా ఫర్వాలేదు కానీ గోడకు సుత్తి తగలకూడదా అని దులిపేశాను. ఆ పిల్ల పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని నిలబడింది. ఆ చేతులు చూశాక నా కోపం ఎక్కడికక్కడ నీరుగారిపోయింది. భయానికి చదువుతో పనేముంది? అమ్మ దగ్గర లేదు, అక్కచెల్లెళ్ళు లేరు. బిడ్డ క్షేమంగా ఉండడానికి తను చేయగలిగిన పని ఆ అత్తగారి మాట నిలబెట్టడం ఒక్కటే అనుకుంది. అటు చూస్తే ఆ గదిలోకి పసిబిడ్డను తీసుకురావడం జరగని పని. వేరే ఇల్లు చూసుకోమందామంటే, ఆ రోజుల్లో నెలలు నిండుతున్న మనిషికి ఎవరు ఇస్తారు? చలి ముదిరేలోపు ఆ గోడ పోవాలి, ఆ పిల్ల గుండె జారిపోకుండా పోవాలి.

దాంతో ఆ పిల్ల అత్తగారికే ఫోన్ చేశాను. ఇద్దరు దేశాధ్యక్షులు మాట్లాడుకున్నట్టు సాగింది మా సంభాషణ. గారు, గారు అనుకుంటూనే గట్టిగా బేరమాడుకున్నాం. ఆవిడ చెడ్డమనిషి కాదు, దూరాన ఉన్న మనిషి. గోడ ఫోటో పంపితే పెద్దది చేసి రెండుసార్లు చూసింది. తరువాత తీర్పు చెప్పింది. మనిషి ఆ ఇంట్లో లేని రోజుల్లో చేసుకుంటే దోషం లేదు. మొగుడు మాత్రం సుత్తి ముట్టుకోకూడదు, కడుపుతో ఉన్నామె మొగుడు కొబ్బరికాయ కూడా కొట్టకూడదు కదా. మోత మోయవచ్చు. ఇక అసలైన షరతు, పగలగొట్టిన దాంట్లో ఒక్క ముక్క కూడా ఇంటి హద్దుల్లో ఉండగా కోడలు మళ్ళీ గడప తొక్కకూడదు. అన్నిటికీ సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక గానీ ఆఖరి షరతు ఎవరి నెత్తిన పడిందో నాకు తట్టలేదు.

మా ఆయనకు చెబితే కాసేపు కాఫీ కప్పు వైపు చూశారు. గోడ సంగతి నేను చూసుకుంటాను అన్నారు. చెత్త సంగతి అని నేను సాగదీశాను. ఆయన లేచి కప్పు కడగడానికి వెళ్ళారు. ఇలాంటి నమ్మకాల మీద ఆయన జోకులు మా స్నేహితుల్లో ప్రసిద్ధం. అమావాస్య నాడు కావాలని కత్తెర పట్టుకుని కొత్త బట్టల లేబుళ్ళు కత్తిరించే మనిషి. ఈసారి ఒక్క జోకూ వేయలేదు. ఆయనకు ఎప్పుడూ ఉండే నడుం నొప్పి వల్ల అనుకున్నాను.

కాలేజీకి రీడింగ్ వీక్ సెలవులు ఇవ్వగానే అమ్మాయిని ఓక్‌విల్‌లో ఉన్న వాళ్ళ పెదనాన్న కూతురింటికి పంపాం. స్టేషన్‌లో రైలెక్కే ముందు నా చెయ్యి పట్టుకుని, అంతా తీసేస్తారు కదా ఆంటీ అని మళ్ళీ అడిగింది. పిచ్చిపిల్లా, తీసేస్తాంలే అన్నాను.

ఆ వారం మా ఆయన ఆఫీసుకు సెలవు పెట్టారు. ముందు బయట మట్టి తవ్వి పగులు పూడ్చారు. తరువాత మాస్కు పెట్టుకుని లోపలి గోడ విప్పడం మొదలుపెట్టారు. ఇక్కడి గోడ అంటే మన ఇటుక గోడ కాదు. చెక్క చట్రానికి బిగించిన జిప్సం బోర్డు, వెనకాల దూదిలా ఉండే ఇన్సులేషన్. బోర్డు ఊడిరాగానే ఆ దూదంతా నల్లగా తడిసి ముద్దలుగా కింద పడింది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. దీని పక్కన పడుకుందా ఆ పిల్ల అనుకున్నాను. ఆ అబ్బాయి వేర్‌హౌస్ నుంచి రాగానే బట్టలైనా మార్చుకోకుండా సంచులు మోసేవాడు. సుత్తి కనిపిస్తే చేతులు వెనక్కి కట్టుకుని అంత దూరం జరిగేవాడు. వాడు మంచివాడు, కానీ వాడి ముఖం చూస్తే నాకు నవ్వాగేది కాదు.

కొత్త చెక్కలు, కొత్త బోర్డులు, మీద లేత పసుపు రంగు. పని పూర్తయ్యేసరికి వారం చివరికి వచ్చాం. శనివారం పొద్దున్నే ఒక వ్యాను అద్దెకు తెచ్చారు. అబ్బాయి డ్యూటీకి వెళ్ళాడు, మేమిద్దరమే బయల్దేరాం. డంప్‌లో దేనికి దాని చోటు ఉంటుంది. ఇనుము ఒక చోట ఊరికే తీసుకుంటారు. చెక్క ఒక పక్క, బోర్డు ఇంకో పక్క, మిగతాది పెద్ద గుంటలోకి. నెత్తిన సముద్రపు కాకుల గోల. ఆయన ఒక్కొక్క సంచే దింపుతూ, తాడు ముక్క కూడా మిగలకుండా వ్యాను అడుగు చీపురుతో ఊడ్చారు. బయటికి వచ్చి కాటా మీద ఆగాక, బూత్‌లోని అమ్మాయి చార్జి చెప్పింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆయన వాదన లేకుండా, ఉపాయం లేకుండా కార్డు తీసి కట్టేశారు. రసీదు మడిచి జేబులో పెట్టుకున్నారు. నాకు పెళ్ళైనప్పటి నుంచీ చూడని వింత అది.

ఇక్కడే ఒక సంగతి చెప్పేస్తాను. చలికాలంలో ఆ పాప మా ఇంటికే వచ్చింది. ఆ పసుపు గోడ పక్కనే పడుకుంది. ఇప్పుడు నన్ను నానమ్మ అని పిలిచి, ఆ వెంటనే ఇంగ్లీషులో ఏవో ఫిర్యాదులు చేస్తుంది. ఆ బెంగ మీకు అక్కర్లేదు. ఇక మిగిలింది పాప కథ కాదు.

వ్యాను తిరిగి ఇచ్చేసి ఇంటికి వచ్చాక, అమ్మాయి తిరుగు రైలెక్కానని మెసేజ్ పెట్టింది. నేను ఇల్లంతా తుడిచి, చీపురు పెట్టడానికి షెడ్డు తలుపు తీశాను. లోపల షెల్ఫు మీద, పాత పేపర్లో చుట్టి, అన్నం పళ్ళెమంత బోర్డు ముక్క. పాత గోడదే. కిటికీ పైన చెమ్మ తగలని చోటు నుంచి శుభ్రంగా కోసి పెట్టుకున్నారు, ఎప్పుడో ఏ కన్నమో పూడ్చడానికి పనికొస్తుందని. పని మొదలైన మొదటి రోజే పెట్టి ఉంటారు. ఆ పని కూడా ఆయన చేతులు ఆయన్ను అడక్కుండానే చేసి ఉంటాయి. అయినా సరే, నేను మాట ఇచ్చినదాన్ని. ఆ ముక్కను పట్టుకెళ్ళి ఆయన ముందు డైనింగ్ టేబుల్ మీద పెట్టి, అరవడానికి నోరు తెరిచాను.

ఆయన దాన్ని చూసిన తీరుకు నేను అరవడం మరిచిపోయాను. ఆయన ముఖం పాలిపోయింది. లేచి కారు తాళాలు తీశారు. డంప్ మూసేసే వేళవుతోంది, రేపు చెత్త సంచిలో వేద్దాం, పక్కవీధిలో ఎక్కడన్నా పెట్టేద్దాం అని నేనే ఉపాయాలు చెప్పాను. ఆయన అప్పటికే కారు స్టార్ట్ చేశారు. నేను చెప్పుల్లో కాళ్ళు దూర్చి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ముక్క నా ఒళ్ళో ఉంది.

బూత్‌లో పొద్దుటి అమ్మాయే ఉంది. అది చూసి ఇదేనా అంది. ఎంత చిన్నదైనా మినిమమ్ చార్జి తప్పదని, ఇంత ముక్కకు అంత కట్టడం దేనికని, ఇంటికి తీసుకెళ్ళి మామూలు చెత్త సంచిలో వేసేయమని మంచిగా చెప్పింది. ఇన్నేళ్ళూ ఈయన తొక్కల కింద దాచి దొంగచాటుగా చేసిన పనిని, ఆ అమ్మాయి నోరారా చేయమంటోంది. ఆయన వద్దన్నట్టు తల ఊపి, కార్డు చాచారు. లోపలికి వెళ్ళి, ఆ ముక్కను బోర్డుల కుప్ప మీద రెండు చేతులతో పెట్టి వచ్చారు. విసరలేదు.

బయటికి వెళ్ళే కాటా దగ్గర ముందు రెండు ట్రక్కులు ఉన్నాయి. వరుసలో ఆగాం. ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా అని ఆటపట్టించబోయాను. ఆయన నవ్వలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తూ అన్నారు.

"విజయవాడలో నేను మేకు కొట్టాను."

నాకు వెంటనే అర్థమైంది. అర్థమైనందుకే భయం వేసింది. పెళ్ళైన కొత్తలో విజయవాడలో ఒక పోర్షన్‌లో ఉండేవాళ్ళం. నాకు మొదటిసారి కడుపు నిలిచింది. మా అమ్మాయి కాదు, దానికంటే ముందు. తడి చీరలు పొట్టి పిట్టగోడ మీద ఆరేసుకోవడానికి వంగి లేవడం కష్టంగా ఉందంటే, ఈయన నా భుజాల ఎత్తుకు తాడు కట్టడానికి వరండా గోడకు మేకులు కొట్టారు. ఆ తరువాత ఐదో నెలలో ఆ కడుపు పోయింది. ఆస్పత్రిలో మా అత్తగారు నా మంచం పక్కన నిలబడి, గోడకు మేకు కొట్టొద్దని చెబితే విన్నాడా అంది. ఒక్కసారే అంది. ఈయన మందులు తేవడానికి వెళ్ళారని, ఆ మాట ఆయన చెవిన పడలేదని నేను అనుకున్నాను. పడలేదనుకునే, పడకూడదనుకునే, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. మా అమ్మాయి పుట్టింది, ఉద్యోగాలు మారాయి, దేశాలు మారాం. ఆయన ఎన్ని గోడలకు ఎన్ని మేకులు కొట్టారో, ఎన్ని నమ్మకాల మీద ఎన్ని జోకులు వేశారో లెక్కే లేదు.

ముందున్న ట్రక్కు కదిలింది. మేము కదల్లేదు.

"డాక్టరమ్మ అప్పుడే చెప్పిందిగా, బిడ్డ ఎదుగుదలే సరిగ్గా లేదని. మీకు చెప్పలేదా?" అన్నాను.

"చెప్పింది. తరువాత అమ్మ కూడా ఏదో నోరు జారాను అంది. నువ్వే ఏమీ అనలేదు."

నా నోటికి అడ్డూ ఆపూ ఉండదని మా చుట్టాల్లో అందరికీ తెలుసు. చెత్త సంచి కోసం, స్టిక్కర్ కోసం, కమోడ్ కోసం ఈయన్ను నేను అనని మాట లేదు. ఈ ఒక్క విషయంలో నేను మౌనంగా ఉంటే, అది ఆయన్ను కాపాడుతోందనుకున్నాను. ఆయనేమో ఆ మౌనాన్ని తప్పు మోపినట్టు ఇన్నేళ్ళూ మోశారు. నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. ఆయన చెయ్యి స్టీరింగ్ మీద నుంచి లాగి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"మేకు వల్ల కాదండీ," అన్నాను.

వెనకాల ఎవరో హారన్ కొట్టారు. ఆయన కళ్ళు తుడుచుకుని కారును కాటా మీదికి నడిపారు. బూత్‌లో అమ్మాయి వెళ్ళమని చెయ్యి ఊపింది. మేము ఇంటికి చేరేదాకా నేను ఆ మాటే చెబుతూ వచ్చాను. ఆయన ఆపమనలేదు.